చివరి అట్ట వెనక కాయితం

నరసాపురం,
9 జూన్ 2024.

ఒరేయ్ బ్రహ్మం,

ఆశీస్సులు. నువ్వు కొవ్వూరు షెడ్డులో తయారుచేసి, తోడబుట్టింది కదా అని ప్రేమగా ఇచ్చిన రింగ్ ఫైలు మళ్ళీ నోరు తెరిచింది. మూడు రింగుల్లో నడిమిది మూసినా మూసుకోవడం లేదు. కొసకీ కొసకీ మధ్య వేలిగోరు దూరేంత సందు. నిన్న మొగల్తూరు నుంచి ఒకావిడ కొడుకు సంబంధం కోసం వచ్చి, ఫైలు ఒళ్ళో పెట్టుకుని తిప్పుతుంటే ఆ సందులోంచి నాలుగు బయోడేటాలు జారి పడ్డాయి. ఫ్యాను గాలికి ఒకటి బల్ల కిందకి పోయింది. ఆవిడ వంగి తీసి, "ఈ పిల్ల మీద మీకే శ్రద్ధ లేకపోతే మాకెందుకండీ" అని పక్కన పెట్టేసింది. బంగారం లాంటి పిల్ల, బ్యాంకులో ఉద్యోగం. నీ రింగు పుణ్యమా అని ఒక మంచి సంబంధం నేల మీద పడింది.

ఇరవై రెండేళ్ళుగా ఈ వివాహ పరిచయ కేంద్రం నడుపుతున్నాను. కంప్యూటర్లో పెట్టుకోమని దారినపోయేవాళ్ళు కూడా సలహా ఇస్తారు. ఫోన్లో ఫొటో చూసేవాడు వేలితో పక్కకి తోసేస్తాడు. కాయితం ఒళ్ళో ఉంటే చదువుతాడు. అందుకే నాకు ఫైలు కావాలి. కుదిరిన సంబంధం కాయితం తియ్యాలి, కొత్తది పెట్టాలి, ఏడాదికోసారి వయసు మార్చాలి. ముప్పై రెండు దగ్గర ఆగిపోయిన పెళ్ళికొడుకులకి అదీ అక్కర్లేదనుకో. కుట్టిన పుస్తకంతో ఈ పని జరగదు కనక నీ రింగులతో వేగుతున్నాను.

ఫోన్ చెయ్యకు. కిందటేడు ఫోన్లో మాట్లాడుకునే ఎనిమిది నెలలు మాటలు మానుకున్నాం. కాయితం మీదైతే నువ్వు నా మాటకి అడ్డు రాలేవు. పైగా నీ జవాబు పంచ్ చేసి ఈ ఫైల్లోనే పెడతాను. ఎన్నాళ్ళు నిలుస్తుందో చూద్దాం.

అక్క,
సంపూర్ణమ్మ.


కొవ్వూరు,
23 జూన్ 2024.

అక్కకి నమస్కారాలు.

రింగు నోరు తెరవలేదు. నువ్వు తెరిచావు. ముప్పై ఏళ్ళుగా రేకులు వంచుతున్నవాడికి, చేత్తో లాగి పాడుచేసిన రింగు ఏదో, దానంతటది పాడైన రింగు ఏదో ఆమాత్రం తెలియదా?

మళ్ళీ చెబుతున్నాను. ఇది ఎనిమిదోసారి. ఫైలు లోపల కనిపించే పై రేకు విల్లులా వంగి ఉంటుంది. దాని కింద రెండు పొడుగాటి పలకలు పక్కపక్కన పడుకుని ఉంటాయి. ప్రతి రింగులో ఒక సగం ఈ పలకకి, రెండో సగం ఆ పలకకి బిగించి ఉంటుంది. పలకలు కలిసే చోటు కిందకి దిగితే రింగు మూసుకుంటుంది, పైకి లేస్తే తెరుచుకుంటుంది. మధ్యలో ఆగదు, ఎందుకంటే పై రేకు రెండు పక్కలనుంచీ అదిమి పెడుతుంది. ఆ టక్కుమన్న చప్పుడు అదే. రెండు చివర్లా మీటలు పెట్టింది ఎందుకు? రెండు బొటనవేళ్ళతో ఒకేసారి నొక్కితే పలకలు ఈ కొస నుంచి ఆ కొస దాకా సమంగా లేవడానికి. నువ్వేమో నడిమి రింగు రెండు చేతులా పట్టుకుని పనసకాయ చీల్చినట్టు చీలుస్తావు. పలక నడుం వంగిపోతుంది. ఇంక రింగు కొసలు కలవమంటే ఎక్కడ కలుస్తాయి.

ఇక్కడ శృతి కూడా నీకు వంత పాడుతోంది. అసలు రింగు ఆకారమే తప్పంటుంది నీ మేనకోడలు. రింగన్నాక గుండ్రంగా ఉండక ఇంకెలా ఉంటుంది? మెకానికల్ చదివిస్తే ఇదీ ఫలం. రెండేళ్ళ క్రితం రాజమండ్రిలో ఉద్యోగం మానేసి, షెడ్డులో నా వెనకే తిరుగుతూ దీనికి ఇది తప్పు, దానికి అది తప్పు అనడమే పని.

ఆ సంగతే అడుగుతున్నాను. దాని బయోడేటా నా చేత్తో నీ ఫైల్లో పెట్టి రెండేళ్ళు దాటింది. ఇంజనీరింగ్ చదివిన పిల్లల వరసలో పెట్టాను. ఊళ్ళో వాళ్ళందరికీ పెళ్ళిళ్ళు చేస్తావు, సొంత మేనకోడలికి ఒక్కటీ కుదరదు. ఇరవై తొమ్మిది నిండుతున్నాయి. పల్లంరాజు గారు షెడ్డు గోడౌను కింద కావాలని అడుగుతున్నారు. దాని పెళ్ళి కాగానే రేకులు వంచే ప్రెస్సులు పాతసామాన్ల వాడికి ఇచ్చేసి షెడ్డు ఆయనకి రాసేస్తాను. ఫాల్గుణం దాకా ఆగుతానన్నారు. నా తరవాత చూసేవాళ్ళు లేనిదానికి ఎందుకీ తాపత్రయం.

తమ్ముడు,
వీరబ్రహ్మం.


నరసాపురం,
18 ఆగస్టు 2024.

ఒరేయ్ బ్రహ్మం,

నీ ఉత్తరం ఫైల్లో పెట్టి యాభై రోజులు దాటింది. పై కన్నం చిరిగింది. నీ ఉపన్యాసానికి నీ రింగే విసుగెత్తిందనుకుంటాను.

సరే, మీటలే నొక్కుతున్నాను, తృప్తేనా? నా దగ్గర పనిచేసే తబిత చేత కూడా మీటలే నొక్కిస్తున్నాను. అయినా వెనక కాయితాలు నలుగుతున్నాయి. ఫైలు మూసినప్పుడు అడుగున ఉన్నవి గుండ్రటి రింగు వంపు కిందకి దూరి మెలిపడి ఇరుక్కుంటున్నాయి. పెళ్ళికొడుకుల మొహాలన్నీ ముడతలు. అసలే ఒక్కొక్కడూ అంతంతమాత్రం. పైగా సముద్రపు గాలికి నీ నికెల్ పూత పోయి, ప్రతి కన్నం చుట్టూ తుప్పు మరక. మొన్న ఒకాయన అది చూసి, కాయితం మీద బొట్టు పెట్టారా అండీ అని అడిగాడు. అవునండీ, శుభం అన్నాను. నీ పరువు అలా కాపాడాను.

శృతి సంగతి అడిగావు. రెండు వచ్చాయి. ఒకటి జాతకం కుదరలేదు. రెండోవాళ్ళు చూసి ఊరుకున్నారు. చూస్తున్నాను, తొందరపెట్టకు.

ప్రెస్సులు పాతసామాన్ల వాడికి ఇస్తానన్నావు. నీ తరవాత చూసేవాళ్ళు లేరని నీకెవరు చెప్పారు? ఎవరినైనా అడిగావా?

అక్క.


కొవ్వూరు,
20 అక్టోబరు 2024.

అక్కకి నమస్కారాలు.

బస్సు పార్సిల్లో వచ్చిన ఈ కొత్త ఫైలు చూసి, ఇన్నాళ్ళూ నన్నన్న మాటలన్నీ వెనక్కి తీసుకో. చిరిగిన కన్నాల చుట్టూ కాయితం ముక్కలు అంటించుకునే బాధ నీకు తప్పింది.

రింగు చూడు. గుండ్రంగా లేదు. ఒక పక్క నిలువుగా స్తంభంలా ఉంటుంది, రెండో పక్క మాత్రమే వంపు. వెనక అట్టకే బిగించాను, వీపుకి కాదు. ఇప్పుడు కాయితాలన్నీ ఆ నిలువు కాలుకి ఆనుకుని ఒకే అంచున కుదురుగా కూర్చుంటాయి. వంపు కిందకి దూరవు. పూత కూడా మందంగా వేయించాను.

ఇది ఎలా తట్టిందనుకున్నావు? మొన్న పొద్దున్నే షెడ్డు తలుపు తీసేసరికి బల్ల మీద ఒక అట్టముక్క పడి ఉంది. ఎవరో ఏదో కత్తిరించి పారేశారు. చేతిలోకి తీసుకోగానే బుర్రలో మెరిసింది, రింగు ఇలా ఉంటేనో అని. ఆ ముక్క వంకరగా ఉందిలే, నిలువు కాలు ఒక పక్కకి వాలిపోయి ఉంది. కత్తెర సరిగ్గా ఆడనివాళ్ళెవరో. నేను మూలమట్టం పెట్టి తిన్నగా తొంభై డిగ్రీలకి సరిచేసి, రింగుని వంచే అచ్చు, అదే డై, కోయించాను. అనుభవం అంటే అదీ. ఒకడి చెత్తలోంచి కూడా పని పుట్టిస్తుంది.

శృతికి చూపించాను. ఏమీ అనలేదు. కాసేపు చూసి చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. మెచ్చుకోడానికి నోరు రాలేదు పిల్లకి. ఇలాంటి తల పొగరుతో రేపు అత్తవారింట్లో ఎలా నెగ్గుకొస్తుందో.

సంబంధాల సంగతి చూస్తున్నాను చూస్తున్నాను అంటే కాదు. ఫాల్గుణం ఎంతో దూరం లేదు.

తమ్ముడు.


నరసాపురం,
17 నవంబరు 2024.

ఒరేయ్ బ్రహ్మం,

నీ స్తంభం ఫైలు మూడు వారాలు వాడాను. కాయితాలు కుదురుగా కూర్చున్నాయి, నిజం. ఎంత కుదురుగానంటే, లేవమంటే లేవవు. నిలువు కాలు దాటి వంపులోకి తిరిగే మూల దగ్గర ప్రతి కాయితం తట్టుకుని ఆగిపోతోంది. గట్టిగా తోస్తే కన్నం చిరుగుతోంది. నిన్న ఒక పెద్దాయన పది నిమిషాలు ఒకే పిల్ల దగ్గర ఆగిపోయాడు. అంతగా నచ్చిందా అండీ అంటే, నచ్చడం కాదమ్మా, కాయితం తిరగడం లేదన్నాడు.

మూలమట్టం పెట్టి సరిచేశానన్నావు కదా. ఏం సరిచేశావో ఒకసారి ఆలోచించుకో. శృతి ఏమీ అనలేదన్నావు. అది అనలేదా, నువ్వు ప్రెస్సు చప్పుడులో ఉన్నావా?

కొత్తదీ పాతదీ రెండూ ఇదే పార్సిల్లో పంపుతున్నాను. పాతదానికి పలకలు మార్చి పంపు, నాకు అదే చాలు. కాయితాలు తీసి తాడు కట్టి బీరువాలో పెట్టుకున్నాను. సంక్రాంతి వెళ్ళాక ముహూర్తాలు, జనం వస్తారు. ఈలోగా ఫైలు నా చేతికి రావాలి.

అక్క.


కొవ్వూరు,
24 నవంబరు 2024.

అక్కా,

నమస్కారం పెట్టడానికి చెయ్యి రావడం లేదు.

పాత ఫైలు పలకలు మారుద్దామని విప్పాను. కాయితాలన్నీ తీశానన్నావు. వరసలు విడదీసే రంగు అట్టల్లో చివరిదాని వెనక ఒకటి ఉండిపోయింది. అది శృతి బయోడేటా.

నేను పెట్టిన చోటు అది కాదు. ఇంజనీరింగ్ పిల్లల వరసలో, నా చేత్తో పెట్టాను. అట్ట వెనక్కి ఎవరు నెట్టారు? సరే, నెట్టారు. కన్నాలు చూశాను. అక్కా, నేను చదువుకోలేదు గాని కన్నాలు చదవగలను. తిరిగే కాయితానికి కన్నం పొడుగ్గా సాగుతుంది, లోపలి అంచు పీచులు లేస్తుంది, తుప్పు చుట్టూ పులుముకుంటుంది. ఈ కాయితానికి మూడు కన్నాలూ పంచ్ చేసిన రోజున ఎలా ఉన్నాయో అలా ఉన్నాయి. గుండ్రంగా. తుప్పు ఒకే పక్క, నెలవంకలాగా, రింగు ఆనుకున్న చోట మాత్రమే. అంటే రెండున్నరేళ్ళలో ఈ కాయితం ఒక్కసారి కూడా తిరగలేదు. నువ్వు ఒక్కరికంటే ఒక్కరికి నా కూతురిని చూపించలేదు.

మరి జాతకం కుదరలేదని ఎవరి జాతకం గురించి రాశావు? చూసి ఊరుకున్నవాళ్ళు ఏం చూసి ఊరుకున్నారు? వచ్చినవాళ్ళందరికీ ఊళ్ళో ఆడపిల్లలందరి గురించీ గంటలు గంటలు చెబుతావే, నా పిల్ల దగ్గరికి వచ్చేసరికి నీ నోరు ఏమైంది? రేకులు కొట్టుకునేవాడి కూతురు, నీ కేంద్రానికి వచ్చేవాళ్ళ స్థాయికి తగదనుకున్నావా? అలా అయితే మొహాన చెప్పాల్సింది. నేను తణుకులోనో రావులపాలెంలోనో ఇంకో కేంద్రానికి ఇచ్చుకునేవాణ్ణి. రెండున్నరేళ్ళు అక్క చూస్తోంది కదా అని నిశ్చింతగా ఉన్నాను. నాకంటే వెధవ ఎవడైనా ఉంటాడా?

ఫైలు బాగుచెయ్యను. నీ కాయితాలు ఆ తాడుతోనే ఉంచుకో.

వీరబ్రహ్మం.


నరసాపురం,
30 నవంబరు 2024.

ఒరేయ్ బ్రహ్మం,

కన్నాలు బాగానే చదివావు. నిజమే, ఒక్కరికీ చూపించలేదు. జాతకాలూ అబద్ధమే. నా వృత్తిలో అబద్ధం చెప్పడం కొత్తా ఏంటి, కాకపోతే నీకు చెప్పినప్పుడు మటుకు కష్టంగానే ఉండేది. స్థాయి, తగదు అంటూ ఇంకేదో రాశావు. ఆ వాక్యాన్ని తబితకి చదివి వినిపించాను. మీ తమ్ముడు గారికి జ్వరమేమో అండీ అంది.

జరిగింది విను. నువ్వు ఆ బయోడేటా పెట్టి వెళ్ళిన మర్నాడు శృతి మొదటి బస్సుకి ఇక్కడికి వచ్చింది. మంచినీళ్ళు కూడా తాగలేదు. "అత్తా, నా కాయితం ఎవరికీ చూపించకు" అంది. సరే, చింపేస్తానే అన్నాను. "చింపకు. చింపితే నాన్న ఇంకోటి రాసి ఇంకెవరికైనా ఇస్తాడు. నీ ఫైల్లో ఉంటేనే ఊరుకుంటాడు. కనిపించని చోట పెట్టు" అంది. నీ కూతురికి నిన్ను గురించి ఎంత తెలుసో చూడు. నీకు దాన్ని గురించి ఎంత తెలుసో అక్టోబరు ఉత్తరంలో చూశాను, తల పొగరు అని.

ఎవరినైనా ప్రేమించావా అని అడిగాను, నాకు ముందు వచ్చే ఆలోచన అదే కదా. నవ్వింది. "నాకు షెడ్డు కావాలత్తా. నాన్న తరవాత నేను నడుపుతాను. నాన్నని అడిగితే ప్రెస్సు ఆడపిల్లల పని కాదన్నాడు. పెళ్ళి ముందు కుదిరితే షెడ్డు అమ్మేస్తాడు. నేను పనిచేసి చూపించేదాకా ఆగాలి. కాస్త టైము సంపాదించి పెట్టు" అంది. పెళ్ళి వద్దనలేదురా, షెడ్డు ముందు అంది. అడగాల్సింది నువ్వు, చెప్పింది నాకు. నీతో చెప్పనని మాట తీసుకుంది. రెండున్నరేళ్ళు ఆ మాట మీద ఉన్నాను. ఫాల్గుణం దగ్గరపడుతుంటే ఇంక నావల్ల కాలేదు.

ఆ కాయితం మర్చిపోయి వదిలేశాననుకున్నావా? రెండు వందల పైచిలుకు కాయితాలు మీటలు నొక్కి తీశాను, రింగు పట్టుకు లాగలేదు. ఆ ఒక్కటీ కావాలనే ఉంచాను.

నిన్ను చూస్తే జాలేస్తోంది. కన్నాల లోపలి పీచు చూశావు, తుప్పు ఏ పక్క ఉందో చూశావు, నెలవంక చూశావు. రెండున్నరేళ్ళు ఎవరూ తిప్పలేదని నా మీద అంత కోపగించుకున్నావు. నువ్వు తిప్పావా?

ఆ రోజు, అయితే షెడ్డులో ఏం చేస్తావే అని అడిగాను. నా బల్ల మీద పెన్సిల్ తీసుకుని, ఆ కాయితం వెనకే గీసి చూపించింది. ఇంకా నీ దగ్గరే ఉంది కదా. తిప్పి చూడు. మూలన తారీఖు కూడా వేసింది.

అక్క.


కొవ్వూరు,
15 డిసెంబరు 2024.

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. నాలుగు రోజులు తిప్పలేదు. నువ్వు చెప్పావు కనక తిప్పకూడదనుకున్నాను. అయిదో రోజు తిప్పాను.

తారీఖు 2022 మే. నా బుర్రలో మెరవడానికి రెండున్నరేళ్ళ ముందు. ఒక పక్క నిలువు కాలు, రెండో పక్క వంపు, వెనక అట్టకి బిగింపు, అన్నీ ఉన్నాయి. కాలు మాత్రం నిలువుగా లేదు. కొంచెం వాలి ఉంది. పక్కన బాణం గుర్తు వేసి చిన్నక్షరాలతో రాసింది, ఇక్కడ తొంభై వద్దు, కాయితం తిరగదు అని.

కాయితం పట్టుకుని షెడ్డులోకి వెళ్ళాను. అది డై బిగిస్తోంది. "ఆ అట్టముక్క నీదేనా" అన్నాను. "ఊఁ" అంది. "వంకరగా ఎందుకు కోశావు" అన్నాను. "వంకర కాదు నాన్నా, వాలు. నువ్వు సరిచేశావు" అంది. "మరి చెప్పొద్దా" అంటే, "మూడుసార్లు చెప్పాను" అంది. నాకు ఒక్కసారీ గుర్తు లేదు. కాని దానికి అబద్ధాలాడే అలవాటు లేదు. ఆ విషయంలో మేనత్త పోలిక రాలేదు.

సిగ్గేసింది అక్కా. ముప్పై ఏళ్ళ పనితనం అని ఊరంతా చెప్పుకున్నవాణ్ణి, సొంత కూతురు కోసిన అట్టముక్కని చెత్త అని నీకు రాశాను. ఆ ఉత్తరం నీ ఫైల్లో ఉంటే తీసి చింపెయ్. ఉంచుతావని తెలుసు, అయినా అడుగుతున్నాను.

వాలు కాలుతో డై మళ్ళీ కోసింది. నేను కోస్తానంటే వద్దంది. ఈ పార్సిల్లో ఉన్నది అదే. రెండు వందల కాయితాలు పెట్టి తిప్పి చూశాను, ఎక్కడా తట్టుకోలేదు. ఈసారి ఏదైనా తప్పు కనిపిస్తే శృతికి రాయి, నాకు కాదు. మీటలు మటుకు నొక్కే తెరువు. అట్ట లోపల ఆ సంగతి పెద్దక్షరాలతో అది అచ్చు కొట్టించింది, మా అత్త కోసం అని.

పల్లంరాజు గారికి షెడ్డు ఇవ్వడం లేదని చెప్పేశాను. ఆడపిల్ల నడుపుతుందా అండీ అని నవ్వారు. రెండున్నరేళ్ళ క్రితం శృతి అడిగితే నేను నవ్విన నవ్వే. వినడానికి అంత అసహ్యంగా ఉంటుందని అప్పుడు తెలియలేదు.

బయోడేటా నీకు తిరిగి పంపడం లేదు. పెళ్ళి మాట అది ఎత్తినప్పుడు, అదే రాసి నీకు ఇస్తుంది. ఈ కాయితం ప్రెస్సు ఎదురుగా గోడకి తగిలించాను, బయోడేటా గోడ వైపు, బొమ్మేమో మనుషుల వైపు. మేకు కోసం కొత్త కన్నం పొడవలేదు. నీ పంచ్ కొట్టిన కన్నం ఉంది, ఇంకా గుండ్రంగానే ఉంది.

తమ్ముడు,
వీరబ్రహ్మం.